హొరైజన్స్: ప్రతి అంకెకూ లెక్క చెప్పే ఆకాశ పట్టిక

ఖగోళ శాస్త్రవేత్త అనగానే మన కళ్ల ముందు పెద్ద దూరదర్శిని మెదులుతుంది గానీ, గ్రహాలు, ఉపగ్రహాలు, గ్రహశకలాలు, తోకచుక్కల కదలికల మీద పరిశోధన చేసేవారి రోజు చాలావరకు అంకెల పట్టికల ముందే గడుస్తుంది. ఒక రాయి ఈరోజు ఎక్కడ ఉంది, నూరేళ్ల తర్వాత ఎక్కడ ఉంటుంది, ఆ మాట ఎంత గట్టిగా చెప్పగలం అన్న మూడు ప్రశ్నల చుట్టూనే వారి పని తిరుగుతుంది. ఆ మూడింటికీ ఒకేచోట జవాబు ఇచ్చే సేవ పేరు హొరైజన్స్. కాలిఫోర్నియాలోని పసడీనాలో, నాసా కోసం కాల్టెక్ నడిపే జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీ 1996 నుంచి దీన్ని అందరికీ ఉచితంగా అందిస్తోంది. నేను కళాశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. వారాంతాల్లో విద్యార్థులను మేడ మీదికి పిలిచి చిన్న టెలిస్కోపుతో ఆకాశం చూపిస్తాను. పన్నెండేళ్లుగా ఈ సేవను వాడుతున్నవాడిగా, దీని గురించి తెలుగులో వివరంగా రాయవలసిన అవసరం ఉందని అనిపించి ఈ సమీక్ష రాస్తున్నాను.

ముందుగా ఇది ఏమి ఇస్తుందో చెప్పాలి. సూర్యుడు, గ్రహాలు, వాటి ఉపగ్రహాలు, 14 లక్షలకు పైగా గ్రహశకలాలు, వేలకొద్దీ తోకచుక్కలు, అనేక అంతరిక్ష నౌకలు ఇందులో ఉన్నాయి. వాటిలో దేన్నైనా ఎంచుకుని, ఎక్కడి నుంచి చూస్తున్నామో, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఎంత వ్యవధికి ఒకసారి కావాలో చెబితే, క్షణాల్లో పట్టిక తయారవుతుంది. గ్రహాలకైతే క్రీస్తు పూర్వం 9999 నుంచి క్రీస్తు శకం 9999 వరకు అడగవచ్చు. దీని వెనుక ఉన్న గ్రహగణితానికి డీఈ 441 అని పేరు. ర్యాన్ పార్క్, విలియం ఫోక్నర్, జేమ్స్ విలియమ్స్, డేల్ బాగ్స్ కలిసి 2021లో ప్రచురించారు. చంద్రుడి మీద అమర్చిన అద్దాలకు లేజర్ కిరణాలు పంపి తీసిన కొలతలు, గ్రహాల చుట్టూ తిరిగిన నౌకల రేడియో సంకేతాలు, దశాబ్దాల దూరదర్శిని పరిశీలనలు అన్నీ కలిపి, గ్రహాల పరస్పర ఆకర్షణను సాపేక్షతా సిద్ధాంతంతో సహా లెక్కగట్టి దాన్ని తయారు చేశారు.

అడిగే దారులు నాలుగు: వెబ్ పేజీ, టెర్మినల్, ఈమెయిల్, ప్రోగ్రాముల నుంచి నేరుగా పిలిచే ఏపీఐ. ఖాతా తెరవనక్కర లేదు, తాళపు సంకేతాలు అక్కర లేదు, ఫోను నంబరు అడగరు. పైథాన్ వచ్చిన విద్యార్థులకు ఆస్ట్రోక్వెరీ అనే ప్యాకేజీ ఉంది. పది వరుసల ప్రోగ్రాముతో పట్టిక వచ్చి పడుతుంది. నేను మొదట వెబ్ పేజీతోనే మొదలుపెట్టమంటాను, ఎందుకంటే అక్కడ వస్తువు, స్థలం, కాలం, కావలసిన రాశులు (అంటే కొలతలు) అన్న నాలుగు ఎంపికలూ ఒకదాని కింద ఒకటి కంటికి కనిపిస్తాయి.

ఒక సాయంత్రం సంగతి చెబితే దీని తీరు బాగా తెలుస్తుంది. 2025 మే మొదటి వారంలో వెస్టా అనే గ్రహశకలం సూర్యుడికి సరిగ్గా ఎదురుగా, తులారాశి నక్షత్రాల మధ్య ఉంది. నగరపు వెలుగుల్లో బైనాక్యులర్‌తోనైనా పట్టుకోవచ్చని విద్యార్థులను పిలిచాను. వెస్టా వరుస సంఖ్య 4. ఒక అమ్మాయి తన ప్రోగ్రాములో వస్తువు పేరు దగ్గర 4 అని కొట్టింది, పట్టిక వచ్చింది. అందులో రైట్ అసెన్షన్, అంటే ఆకాశంలో తూర్పు పడమరల స్థానాన్ని గంటల్లో చెప్పే విషువాంశ, ఎనిమిదిన్నర గంటల దగ్గర ఉంది. తులారాశి ఉండవలసింది 15 గంటల దరిదాపుల్లో. "సార్, ఇది కర్కాటకంలో ఉందేమిటి?" అని ఆ అమ్మాయే అడిగింది. పట్టిక పైభాగంలో వస్తువు పేరు చదివితే విషయం తేటతెల్లమైంది: అది కుజుడు, అతని రెండు ఉపగ్రహాలు కలిసిన ద్రవ్యరాశి కేంద్రం. హొరైజన్స్‌లో సెమికోలన్ లేని 4 అంటే కుజ వ్యవస్థ, సెమికోలన్ పెట్టిన 4; అంటే వెస్టా. అలాగే 1 అంటే బుధుడు, 1; అంటే సెరెస్. ఒక్క చుక్కా కామా తేడాతో ఆకాశంలో తొంభై డిగ్రీలు జరిగిపోయాం. ఆ రోజు నుంచి మా విద్యార్థులకు నేను పెట్టిన నియమం ఒకటే: అంకెలు చదివే ముందు పైన ఉన్న శీర్షిక చదవాలి. ఈ సేవ తాను ఏ వస్తువు గురించి చెబుతోందో, ఎక్కడి నుంచి చూస్తున్నట్టు లెక్కగట్టిందో, ఏ కాలమానం వాడిందో ప్రతిసారీ ముందే రాసి పెడుతుంది.

ఆ శీర్షిక కింద, రెండు డాలరు గుర్తులు, ఎస్, ఓ, ఈ అక్షరాలు ఉన్న వరుస తర్వాత అసలు పట్టిక మొదలవుతుంది. తేదీ పక్కనే చిన్న గుర్తులు ఉంటాయి. నక్షత్రం గుర్తు ఉంటే ఆ వేళకు పగలని అర్థం. సీ, ఎన్, ఏ అక్షరాలు సంధ్యాకాలపు మూడు దశలు. ఏ గుర్తూ లేకపోతే పూర్తి చీకటి. దాని పక్కన ఎం ఉంటే చంద్రుడు ఆకాశంలో ఉన్నాడని. ఈ రెండు చిన్న నిలువు వరుసల వల్ల, ఏ గంటకు మేడ ఎక్కాలో వేరే పుస్తకం తిరగేయకుండానే తెలిసిపోతుంది. కేవలం కంటితో, బైనాక్యులర్‌తో చూసేవారు రాశుల జాబితాలో 4వది, అంటే దిక్కు, ఎత్తు కోణాలు, 9వది, అంటే ప్రకాశం, ఎంచుకుంటే చాలు. కాలం దగ్గర ప్లస్ 05:30 అని పెడితే పట్టిక మన గడియారంతోనే వస్తుంది.

ముందుగా అమర్చి ఉన్న కొన్ని ఎంపికలను మాత్రం జాగ్రత్తగా చూసుకోవాలి. స్థలం చెప్పకపోతే భూమి కేంద్రం నుంచి చూస్తున్నట్టు లెక్కిస్తుంది. గురుడికో శనికో దానివల్ల ఇబ్బంది ఉండదు గానీ, చంద్రుడి విషయంలో తేడా దాదాపు ఒక డిగ్రీ వరకు పోతుంది, అంటే రెండు పున్నమి చంద్రుల వెడల్పు. భూమికి మరీ దగ్గరగా వచ్చే గ్రహశకలానికైతే అది పది డిగ్రీలకు చేరవచ్చు. అలాగే ఎత్తు కోణాన్ని గాలి లేదన్నట్టుగా లెక్కిస్తుంది. వాతావరణ వక్రీభవనాన్ని, అంటే గాలిలో కాంతి వంగడాన్ని, కలపమని మనమే అడగాలి, లేకపోతే దిగంతం దగ్గర అర డిగ్రీకి పైగా తేడా వస్తుంది. స్థలాన్ని అక్షాంశ రేఖాంశాలతో ఇవ్వవచ్చు, లేదా అంతర్జాతీయ ఖగోళ సంఘం తరఫున మైనర్ ప్లానెట్ సెంటర్ కేటాయించే పరిశీలనాలయ సంఖ్యతో ఇవ్వవచ్చు. ఆ జాబితాలో 218 హైదరాబాద్, 219 జపాల్, 220 కావలూరులోని వైను బప్పు పరిశీలనాలయం, 223 మద్రాసు. జపాల్–రంగాపూర్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయం నెలకొల్పిన 48 అంగుళాల టెలిస్కోపు గురించి విన్న విద్యార్థులు, ఆ పేరును ప్రపంచపు జాబితాలో చూసినప్పుడు కళ్లు విప్పార్చి చూస్తారు. 219 అని కొడితే చాలు, ఆ గుట్ట మీద నిలబడి చూస్తున్నట్టుగా పట్టిక వస్తుంది.

కాలమానం సంగతి ఇంకొంచెం లోతైనది, అయినా చెప్పక తప్పదు. ఆకాశంలో స్థానాలు అడిగితే మామూలు విశ్వ కాలంలో, అంటే గ్రీనిచ్ సమయంలో, ఇస్తుంది. మూడు దిశల్లో స్థానం, వేగం ఇచ్చే వెక్టర్ పట్టికలు అడిగితే సౌరకుటుంబపు ద్రవ్యరాశి కేంద్రానికి చెందిన టీడీబీ అనే ఏకరీతి కాలంలో ఇస్తుంది. ఈ రెండింటికీ ప్రస్తుతం తేడా దాదాపు 69 సెకన్లు. నిమిషం తేడాకు ఏమవుతుందిలే అనుకోకూడదు. భూమి సెకనుకు 30 కిలోమీటర్ల చొప్పున సూర్యుడి చుట్టూ పరుగెడుతోంది. 69 సెకన్లలో అది రెండు వేల కిలోమీటర్లు దాటి పోతుంది. కక్ష్యా గణితం నేర్చుకునే విద్యార్థి తన ప్రోగ్రాము తప్పేమోనని రోజుల తరబడి వెతికే తేడాల్లో సగం ఇక్కడే పుడతాయి. ఈ విషయం పట్టిక శీర్షికలో స్పష్టంగానే ఉంటుంది, కానీ వెబ్ పేజీలో ఎంపిక చేసే చోటనే ఇంకాస్త పెద్దగా చెబితే కొత్తవారికి మేలు.

ఇక నేను ఈ సేవను ఇంతగా గౌరవించడానికి అసలు కారణానికి వస్తాను. ఒక వస్తువు ఎక్కడ ఉందో చెప్పే ఆప్‌లు ఫోన్లలో ఎన్నో ఉన్నాయి. వాటిలో ఒక చుక్క కనిపిస్తుంది, పేరు కనిపిస్తుంది, అంతే. ఆ చుక్క అక్కడే ఉందని ఎంత నమ్మకంగా చెప్పవచ్చో అవి చెప్పవు. హొరైజన్స్ చెబుతుంది. గ్రహశకలాన్ని అడిగినప్పుడు, దాని కక్ష్యను ఎన్ని పరిశీలనలతో, ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం వరకు ఉన్న సమాచారంతో, ఏ తేదీన లెక్కగట్టారో శీర్షికలో ఉంటుంది. రాశుల జాబితాలో 36వది ఎంచుకుంటే, ఆకాశంలో ఆ స్థానం ఎటు ఎంత తప్పే అవకాశం ఉందో ప్రతి వరుసలోనూ వస్తుంది. 39వది ఎంచుకుంటే దూరంలో ఎంత అనిశ్చితి ఉందో వస్తుంది. దశాబ్దాలుగా గమనించిన వస్తువుకు ఆ అంకె చాలా చిన్నది. పది రోజులు మాత్రమే కనిపించి మాయమైన వస్తువుకు, ఏళ్లు గడిచేకొద్దీ ఆ అంకె పెరిగి పెరిగి చివరికి ఆకాశమంతా పరుచుకుంటుంది. ఒకే తరగతిలో ఈ రెండు పట్టికలనూ పక్కపక్కన పెట్టి చూపిస్తే, కొలత అంటే ఏమిటో విద్యార్థికి ఒక్క గంటలో అర్థమవుతుంది.

ఈ స్వభావం సేవకు ఊరికే రాలేదు. దీన్ని నిర్మించిన జాన్ జార్జీని స్వయంగా గ్రహశకలాల కక్ష్యల మీద, ముఖ్యంగా రాడార్ కొలతలతో పరిశోధన చేసిన వ్యక్తి. ఆయన ముఖ్య రచయితగా 2002లో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధనను చూస్తే, హొరైజన్స్ పట్టికల్లో అనిశ్చితికి అంత చోటు ఎందుకు ఇచ్చారో తెలుస్తుంది. ఆ పరిశోధన 1950 డీఏ అనే గ్రహశకలం గురించి. 1950 ఫిబ్రవరి 23న కాలిఫోర్నియాలోని లిక్ పరిశీలనాలయంలో కార్ల్ విర్టానెన్ దాన్ని కనుగొన్నారు. 17 రోజులు కనిపించింది, తర్వాత తప్పిపోయింది. అంత తక్కువ రోజుల సమాచారంతో తీసిన కక్ష్య, ఏళ్ల తర్వాత అది ఎక్కడ ఉంటుందో చెప్పడానికి చాలలేదు. అర శతాబ్దం దాటాక, 2000 డిసెంబరు 31న, ఒక కొత్త గ్రహశకలం దొరికింది. లెక్క వేసి చూస్తే అది ఈ పాతదే. 2001 మార్చిలో అది భూమికి దగ్గరగా వచ్చినప్పుడు కాలిఫోర్నియాలోని గోల్డ్‌స్టోన్, ప్యూర్టోరికోలోని అరెసిబో రాడార్లతో కొలిచారు.

రాడార్ ఎందుకు అంత ముఖ్యమో ఒక మాట చెప్పుకోవాలి. దూరదర్శినికి ఆకాశంలో రెండు కోణాలు తెలుస్తాయి, అంతకు మించి తెలియదు. దూరాన్ని చాలా రాత్రుల పరిశీలన నుంచి రాబట్టుకోవాలి. రాడార్ సంకేతం వెళ్లి తిరిగి రావడానికి పట్టిన సమయం దూరాన్ని నేరుగా చెబుతుంది, తిరిగొచ్చిన తరంగపు పౌనఃపున్యంలోని మార్పు వేగాన్ని చెబుతుంది. అంటే దూరదర్శినికి అందని దిశలోనే రాడార్ కొలుస్తుంది. ఈ రెండూ కలిస్తే కక్ష్య శతాబ్దాల పాటు బిగుసుకుంటుంది.

అలా బిగించిన కక్ష్యను ముందుకు నడిపితే, 2880 మార్చి 16న 1950 డీఏ భూమికి అతి దగ్గరగా వస్తుందని తేలింది. ఢీకొనే అవకాశం గరిష్ఠంగా 300లో ఒక వంతు వరకు ఉండవచ్చని ఆనాడు రాశారు. ఆ పరిశోధనలో నాకు అన్నిటికంటే నచ్చేది ఆ సంఖ్య కాదు, దాన్ని చేరిన పద్ధతి. సూర్యుడి ద్రవ్యరాశి తగ్గిపోవడం, సూర్యుడి ఆకారం పూర్తి గోళం కాకపోవడం, పాలపుంత ఆకర్షణ, ఇతర గ్రహశకలాల లాగుడు, సూర్యకాంతి ఒత్తిడి, చివరికి కంప్యూటరు అంకెల్లో మిగిలే సూక్ష్మ దోషం: ఒక్కొక్కదాన్నీ విడిగా తూచి, 2880 నాటికి అది ఎంత దూరం జరుపుతుందో చూశారు. అన్నిటినీ మించి నిలిచింది యార్కోవ్‌స్కీ ప్రభావం.

మన వేసవిలో డాబా పగలంతా కాగి, పొద్దుగూకాక కూడా వేడి కక్కుతూనే ఉంటుందని అందరికీ తెలుసు. గ్రహశకలం కూడా అంతే. మధ్యాహ్నం కాగిన పక్క, రాయి తిరిగేకొద్దీ సాయంత్రపు వైపుకు వచ్చి అక్కడ ఆ వేడిని అంతరిక్షంలోకి వదులుతుంది. వదిలిన వేడి రాయిని ఎదురు దిక్కుకు అత్యల్పంగా నెడుతుంది. రాయి తన చుట్టూ తాను తిరిగే దిశ, సూర్యుడి చుట్టూ తిరిగే దిశ ఒకటే అయితే కక్ష్య మెల్లగా పెద్దదవుతుంది, విరుద్ధమైతే చిన్నదవుతుంది. కాబట్టి 1950 డీఏ ఎటు తిరుగుతోందన్న దాని మీదే 878 ఏళ్ల తర్వాతి సంగతి ఆధారపడింది. ఆనాటి కొలతలకు రెండు దిశలూ సరిపోయాయి. ఒక దిశ అయితే ఢీకొనే ప్రసక్తే లేదు. రెండోది అయితే అవకాశం మిగులుతుంది. పరిశోధకులు రెండింటినీ ఉన్నవి ఉన్నట్టుగా రాసి, ఏ కొలత వస్తే తేలుతుందో కూడా చెప్పారు. తర్వాతి కొలతల్లో అది విరుద్ధ దిశలోనే తిరుగుతోందని తేలింది. నేను హొరైజన్స్‌లో 1950 డీఏ పట్టిక తెరిచి, ఏ2 అనే గుర్తుతో ఉన్న ఆ చిన్న త్వరణపు అంకెను విద్యార్థులకు చూపించినప్పుడల్లా, దాని వెనుక అర శతాబ్దపు నిరీక్షణ ఉందని గుర్తు చేస్తుంటాను.

అపోఫిస్ అనే గ్రహశకలం సంగతి చాలామందికి తెలిసిందే. 2004 జూన్‌లో దొరికింది. ఆ ఏడాది డిసెంబరులో, 2029లో భూమిని ఢీకొనే అవకాశం 2.7 శాతం వరకు ఉందని లెక్కలు చూపాయి. పాత ఛాయాచిత్రాల్లో దాని ఆనవాళ్లు దొరికాక ఆ భయం పోయింది. 2021 మార్చిలో గోల్డ్‌స్టోన్ రాడార్ కొలతలు వచ్చాక, కనీసం వందేళ్ల వరకు ప్రమాదం లేదని నాసా ప్రకటించింది. అయినా కక్ష్యా గతిశాస్త్రం నేర్చుకునేవారికి ఇంతకంటే మంచి పాఠం దొరకదు. 2029 ఏప్రిల్ 13న, విశ్వ కాలం 21 గంటల 46 నిమిషాలకు, అంటే మనకు 14వ తేదీ తెల్లవారుజామున 3 గంటల 16 నిమిషాలకు, అది భూమి కేంద్రం నుంచి దాదాపు 38 వేల కిలోమీటర్ల దూరంలో పోతుంది. మన టీవీ ఉపగ్రహాలు తిరిగేది భూమి కేంద్రం నుంచి 42 వేల కిలోమీటర్ల దూరంలో. ఇది వాటికంటే లోపలి నుంచి వెళ్తుంది. హొరైజన్స్‌లో కక్ష్యా మూలకాల (కక్ష్య పరిమాణం, ఆకారం, వాలు చెప్పే అంకెల) పట్టికను సూర్యుడి కేంద్రంగా, ఏప్రిల్ 1 నుంచి 30 వరకు రోజుకొకసారి అడిగి చూడండి. ఏ అనే అంకె, అంటే కక్ష్య పొడవులో సగమైన అర్ధ దీర్ఘాక్షం, నెల మొదట్లో 0.92 ఆస్ట్రనామికల్ యూనిట్ల దగ్గర ఉంటుంది (భూమికీ సూర్యుడికీ సగటు దూరం ఒక యూనిట్), నెలాఖరుకు 1.10 దగ్గర ఉంటుంది. సూర్యుడి చుట్టూ తిరిగే కాలం 324 రోజుల నుంచి ఏడాదికి మించిపోతుంది. భూమి ఆకర్షణ ఒక రాయి దారిని ఒక్క పూటలో ఎలా వంచుతుందో, ఆ ముప్పై వరుసల్లో కళ్లకు కట్టినట్టు ఉంటుంది.

ఇదే మూలకాల పట్టికలో ఇంకొక అందమైన దృశ్యం నక్షత్రాల మధ్య నుంచి వచ్చిన అతిథులది. 2025 జులై 1న చిలీలోని అట్లాస్ టెలిస్కోపు కనుగొన్న 3ఐ తోకచుక్కను అడిగితే, ఉత్కేంద్రత, అంటే దారి వృత్తం నుంచి ఎంత సాగిందో చెప్పే అంకె, 6 దాటి కనిపిస్తుంది. ఒకటి దాటితే సూర్యుడి చుట్టూ మూసుకున్న దారి కాదని, మళ్లీ తిరిగి రాదని అర్థం. అప్పుడు పరిభ్రమణ కాలం, సూర్యుడి నుంచి గరిష్ఠ దూరం ఉండవలసిన చోట హొరైజన్స్ తొమ్మిదుల వరుసతో, దాదాపు 10కి 100వ ఘాతమంత అంకెను పెడుతుంది. అనంతాన్ని అంకెగా రాయలేక పెట్టిన గుర్తు అది. తెలియనివారు దాన్ని నిజమైన దూరమనుకుని సగటులు తీస్తారు కాబట్టి, ప్రోగ్రాము రాసేవారు ఈ అంకెను ముందే పక్కన పెట్టుకోవాలి.

తెలుగు పాఠకులకు ప్రత్యేకంగా పనికొచ్చే ఉపయోగం ఒకటుంది. రాశుల జాబితాలో 31వది క్రాంతివృత్తం మీద, అంటే ఆకాశంలో సూర్యుడి వార్షిక మార్గం మీద, రేఖాంశాన్ని ఇస్తుంది, అది సాయనం, అంటే వసంత విషువత్తు నుంచి లెక్కించినది. దాని నుంచి అయనాంశ తీసివేస్తే నిరయన స్ఫుటం, అంటే నక్షత్రాలను బట్టి లెక్కించే స్థానం, వస్తుంది. పంచాంగ సంస్కరణ సంఘం 1956 మార్చి 21కి 23 డిగ్రీల 15 నిమిషాలుగా నిర్ణయించిన అయనాంశ ఇప్పుడు 24 డిగ్రీల 13 నిమిషాల దగ్గర ఉంది. మా ఇంట్లో ఉన్న దృక్ సిద్ధాంత పంచాంగంలోని శని స్ఫుటంతో పోల్చి చూస్తే నిమిషాల్లో సరిపోయింది. పంచాంగ గణితం నేర్చుకునేవారు తమ లెక్కను సరిచూసుకోవడానికి ఇంతకంటే నమ్మకమైన గీటురాయి నాకు తెలియదు. శాసనాల్లో సూర్యగ్రహణ నిమిత్తంగా ఇచ్చిన దానాల తేదీలు పరిశీలించేవారికి కూడా సూర్యచంద్రుల స్థానాలు ఇక్కడ దొరుకుతాయి. అయితే 1582 అక్టోబరు 15కు ముందు తేదీలను ఇది జూలియన్ క్యాలెండరులో తీసుకుంటుందని గుర్తుంచుకోవాలి.

లోపాలు లేవని అనను. పట్టికలు శుద్ధ పాఠ్యం. నిలువు వరుసల శీర్షికలు పొడి అక్షరాలు. వాటి అర్థాలు పట్టిక చివర ఓపికగా రాసి ఉంటాయి గానీ, అంతా ఇంగ్లిష్‌లోనే, అదీ నిపుణుల ఇంగ్లిష్‌లో. వివరణ పుస్తకం చాలా పెద్దది, మొదటిసారి చదివేవారికి ఎక్కడ మొదలుపెట్టాలో తోచదు. కక్ష్య బొమ్మ చూడాలంటే ఇక్కడ దొరకదు. అదే సంస్థ నడిపే చిన్న వస్తువుల డేటాబేస్‌కు వెళ్లాలి. ఆ డేటాబేస్ నుంచి గ్రహశకలాల అర్ధ దీర్ఘాక్షాలన్నీ దింపుకుని పటం గీస్తే, 2.5 ఆస్ట్రనామికల్ యూనిట్ల దగ్గర ఖాళీ కనిపిస్తుంది; గురుడు ఒక చుట్టు తిరిగేలోగా మూడు చుట్లు తిరిగే రాళ్లను గురుడు అక్కడ నిలవనివ్వడు. డిగ్రీ విద్యార్థులకు నేను ఇచ్చే మొదటి ప్రాజెక్టు అదే.

హొరైజన్స్ చేయని పని ఇంకొకటి ఉంది. ఇది తెలిసిన సౌరకుటుంబం గురించి చెబుతుంది గానీ, గురుడి బరువు రెట్టింపైతే ఏమవుతుంది, పది లక్షల ఏళ్లలో ఈ కక్ష్య ఎటు పోతుంది అని అడిగితే జవాబు ఇవ్వదు. దానికి రీబౌండ్ వంటి, ఎవరైనా ఉచితంగా వాడుకోగల ప్రోగ్రాములు ఉన్నాయి. పరిశోధకులు సాధారణంగా మొదటి స్థానం, వేగం హొరైజన్స్ నుంచి తెచ్చుకుని, అక్కడి నుంచి తమ లెక్కను రీబౌండ్‌లో నడుపుతారు. మా ఎంఎస్సీ విద్యార్థులకు కూడా అదే దారి చెబుతాను. ముందు ఒక ఏడాది మాత్రం నడిపి, ఆ ఏడాది చివరి అంకెలను మళ్లీ హొరైజన్స్‌తో పోల్చి చూసుకోమంటాను. తేడా వస్తే కాలమానమో సెమికోలనో సరిచూసుకుని, ఆ తర్వాతే వెయ్యేళ్లకు వెళ్లమంటాను.

కొత్తగా మొదలుపెట్టేవారికి నా సలహా ఇది. ముందు చంద్రుణ్ని అడగండి. వస్తువు 301, స్థలం మీ ఊరు, గంటకొకసారి, దిక్కు, ఎత్తు కోణాలు. ఆ రాత్రి బయటికి వెళ్లి పట్టికతో సరిచూడండి. తర్వాత గురుడి వ్యవస్థలోకి, ఆ తర్వాత వెస్టా, సెరెస్ వంటి గ్రహశకలాల్లోకి వెళ్లండి. అనిశ్చితి వరుసను మాత్రం మొదటి రోజు నుంచే ఎంచుకోండి. అపోఫిస్ కోసం ఎదురుచూసేవారు ఇప్పుడే ఒక పట్టిక తీసి దాచుకుని, దాని శీర్షికలో ఉన్న కక్ష్యా గణన తేదీని, పరిశీలనల సంఖ్యను ఎర్ర సిరాతో గుర్తు పెట్టుకోవడం మంచిది. కొత్త కొలతలు వచ్చినప్పుడల్లా ఆ రెండూ మారతాయి. 2029 ఏప్రిల్ మొదటి వారంలో మరో పట్టిక తీసి పక్కన పెట్టి, ఏ అంకె ఎన్నో దశాంశ స్థానంలో మారిందో వెతికి చూడండి. మా కళాశాల ప్రయోగశాలలో మొదటి పట్టికను ఇప్పటికే గోడకు అంటించాం.